కరోనర్: థ్రాష్ మెటల్ జాబితాల్లో చోటు దొరకని స్విస్ త్రయం

క్లుప్తంగా: జ్యూరిక్‌కు చెందిన కరోనర్ బృందం 1987 నుంచి 1993 వరకు ఐదు ఆల్బమ్‌లు చేసి, 1996లో విడిపోయింది. సంగీతకారుల మధ్య ఆ పేరుకు ఎంతో గౌరవం ఉన్నా, వేగం, దూకుడు కలిసిన థ్రాష్ మెటల్ శైలి చరిత్ర చెప్పేటప్పుడు అది చాలాసార్లు జాబితాలోకి రాదు. 2025 అక్టోబరులో, 32 ఏళ్ల విరామం తర్వాత, కొత్త ఆల్బమ్ రావడంతో ఆ బృందం మళ్లీ చర్చలోకి వచ్చింది. అది మరుగున పడటానికి ప్రతిభ కొరవడటం కారణం కాదు. బృందం పుట్టిన ఊరు, పాటలు విడుదల చేసిన కంపెనీ, ఎదురైన కాలం అందుకు కొంత కారణం. రికార్డులు ఏళ్ల తరబడి దొరకకపోవడం కూడా పెద్ద కారణమే.

2025 అక్టోబరులో ‘డిసొనెన్స్ థియరీ’ విడుదలైనప్పుడు శ్రోతలు రెండు రకాలుగా స్పందించారు. పాత అభిమానులకు అది మూడు దశాబ్దాల నిరీక్షణ. కొత్తవారికి మాత్రం ఇంత పేరున్న బృందం గురించి ఇంతకుముందు ఎందుకు వినలేదన్న సందేహం. ఎనభైల థ్రాష్ అనగానే మెటాలికా, స్లేయర్, మెగాడెత్, ఆంథ్రాక్స్ పేర్లు వరసగా వస్తాయి. ఇంకాస్త లోతుకు వెళ్లినవారు జర్మనీకి చెందిన క్రియేటర్, సోడోమ్, డిస్ట్రక్షన్‌లను కలుపుతారు. కరోనర్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. కొత్తవారి సందేహానికి జవాబు వెతికితే ఒక బృందం కథతో పాటు, సంగీతంలో పేరు ఎలా నిలుస్తుందో, ఎలా జారిపోతుందో కూడా తెలుస్తుంది.

థ్రాష్‌లో వేగం కాకుండా ఇంకేముంది

థ్రాష్ మెటల్ ఎనభైల మొదట్లో అమెరికాలో రూపు దిద్దుకుంది. బ్రిటిష్ హెవీ మెటల్‌లోని గిటార్ పనితనం, హార్డ్‌కోర్ పంక్‌లోని దూకుడు అందులో కలిశాయి. మెటాలికా మొదటి ఆల్బమ్ 1983లో వచ్చింది. 1986 నాటికి ఈ శైలి ఒక కొలిక్కి వచ్చింది.

ఈ సంగీతానికి ఆయువుపట్టు రిఫ్. పాటకు పల్లవి ఎలాగో, థ్రాష్‌కు తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస అలాగ. వాయించే పద్ధతిలోనే దాని ప్రత్యేకత ఉంటుంది. కుడి అరచేతి అంచును గిటార్ బ్రిడ్జి దగ్గర తీగల మీద తేలికగా ఆనించి, పిక్‌తో వాటిని వేగంగా కిందికి మీటుతారు. తీగ పూర్తిగా మోగకముందే అరచేయి దాన్ని నొక్కేస్తుంది. అందువల్ల స్వరం సాగకుండా ముక్కలు ముక్కలుగా, తలుపు మీద దబదబా బాదినట్లు వినిపిస్తుంది. దాని కింద డ్రమ్మర్ రెండు కాళ్లతో బేస్ డ్రమ్‌ను మోగిస్తాడు. చేతి వేగానికీ కాలి వేగానికీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా పాట మొత్తం మసకబారుతుంది.

ఈ శైలిలో రాణించాలంటే కావలసింది ఆ కచ్చితత్వం. వేగం ఒక హద్దు దాటాక చెవికి అంతా ఒకేలా ఉంటుంది. 1987 తర్వాత థ్రాష్ బృందాలకు ఎదురైన సమస్య ఇదే: ఇక మీదట ఎటు వెళ్లాలి? కొందరు ఇంకా వేగం పెంచి డెత్ మెటల్ వైపు వెళ్లారు. కొందరు వేగం తగ్గించి రేడియో వైపు చూశారు. కరోనర్ ఎంచుకున్నది వరసల నిర్మాణాన్ని చిక్కగా అల్లే దారి.

సామాన్లు మోసిన చోటి నుంచి వేదిక మీదికి

జ్యూరిక్ పరిసరాల్లో అప్పటికే సెల్టిక్ ఫ్రాస్ట్ అనే బృందం ఉంది. 1984, 1985లలో వచ్చిన దాని తొలి రికార్డులు ప్రపంచమంతటా మెటల్ సంగీతం మీద ప్రభావం చూపాయి. 1986లో ఆ బృందం ఉత్తర అమెరికా పర్యటనకు వెళ్లినప్పుడు, వెంట రోడీలుగా వెళ్లిన కుర్రాళ్లే తర్వాత కరోనర్‌గా పేరు తెచ్చుకున్నారు. రోడీ పనిలో మెరుపులేమీ ఉండవు. బండిలోంచి పెట్టెలు దించాలి, ఆంప్లిఫయర్లు అమర్చాలి, తెగిన తీగలు మార్చాలి, అర్ధరాత్రి మళ్లీ అన్నీ సర్ది ఎక్కించాలి. అయితే వేదిక మీద బృందం ఎలా నిలబడుతుందో, ఎక్కడ తడబడుతుందో రోజూ పక్కనుంచి చూసే అవకాశం ఆ పనిలోనే దొరుకుతుంది.

బృందంలో ముగ్గురు: బేస్ గిటార్ వాయిస్తూ పాడే రాన్ రాయిస్, గిటార్ వాయించే టామీ వెటర్లి, డ్రమ్స్ మీద మార్కిస్ మార్కీ. సాహిత్యంలో ఎక్కువ భాగం డ్రమ్మర్ మార్కీదే. 1986లో ‘డెత్ కల్ట్’ డెమో టేపు చేసేనాటికి సరైన గాయకుడు కుదరకపోవడంతో, సెల్టిక్ ఫ్రాస్ట్ నాయకుడు టామ్ వారియర్ దానికి గొంతు ఇచ్చాడు. తర్వాత పాడే బాధ్యత రాయిస్ తీసుకున్నాడు. బృందం పేరుకు అర్థం అనుమానాస్పద మరణాలపై విచారణ జరిపే అధికారి. తొలి పాటల్లో చావు, స్మశానం, పిశాచాల ప్రస్తావన ఎక్కువ కాబట్టి ఆ పేరు అప్పటికి సరిపోయింది. తర్వాతి ఆల్బమ్‌లలో పాటల దృష్టి మనసు లోపలి భయాల మీదికి, రాజకీయ హింస మీదికి మళ్లింది.

ముగ్గురే ఉండటంలోని చిక్కు, దాని ఫలితం

థ్రాష్ బృందాల్లో సాధారణంగా ఇద్దరు గిటారిస్టులు ఉంటారు. ఒకరు విడిగా ముందుకు వచ్చి వాయించే సోలో అందుకున్నప్పుడు రెండోవారు రిఫ్‌ను పట్టుకుని ఉంటారు, పాట కింద నేల కదలకుండా ఉంటుంది. కరోనర్‌లో ఉన్నది ఒకే గిటార్. వెటర్లి సోలోకి వెళ్లిన క్షణం నుంచి రిఫ్ మోయడానికి బేస్ తప్ప మరో వాద్యం లేదు.

కర్ణాటక సంగీత కచేరీ విన్నవారికి ఈ అమరిక కొత్తేమీ కాదు. గాత్రం, వయొలిన్, మృదంగం ముగ్గురే కూర్చుని వేదికను నింపుతారు. వయొలిన్‌కు వంతు వచ్చినప్పుడు గాత్రం ఆగుతుంది, అయినా లోటు తెలియదు. ఎవరు ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు తగ్గాలో ముగ్గురికీ తెలిసి ఉండటమే దానికి కారణం. రాగతాళాల ప్రపంచాలు వేరైనా, ముగ్గురి మధ్య ఉండే ఆ బాధ్యత ఒకటే.

అందుకే కరోనర్ పాటల్లో బేస్ గిటార్ వెనక దాక్కోదు. చాలా థ్రాష్ రికార్డుల్లో బేస్ ఉందా లేదా అన్నది కూడా తెలియదు. ఇక్కడ మాత్రం రాయిస్ వేళ్ల కదలిక విడిగా వినిపిస్తుంది. ఆ చిక్కు వరసలు వాయిస్తూనే పాడాలి కాబట్టి, గానం పొడి పొడి మాటలుగా, గిటార్ విరామాల మధ్య దూరినట్లు వస్తుంది. రాయిస్ గొంతు గరుకుది, దాని పరిధి చిన్నది. రాగవరస ఆశించేవారికి అది అడ్డుగోడే. అయితే పాట లోపల ఆ గొంతు చేసే పని దరువుకు సంబంధించింది, నాలుగో వాద్యం చేసేలాంటి పని. అలా విన్నప్పుడు అడ్డుగోడ చాలావరకు తొలగిపోతుంది.

వెటర్లి గిటార్ పనితనంలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతపు ఛాయలు స్పష్టంగా ఉంటాయి. మొదటి ఆల్బమ్‌లోని ‘నోస్ఫెరాటు’ అనే వాద్య రచనలో అది పరాకాష్ఠకు చేరుతుంది. ఆ కాలంలో వేగంగా వాయించే గిటారిస్టులు కొల్లలు. వెటర్లి ప్రత్యేకత సోలో కంటే రిఫ్‌లోనే ఎక్కువ కనిపిస్తుంది. ఒక వరస రెండు మూడుసార్లు మామూలుగా వచ్చి, చెవి దానికి అలవాటు పడ్డాక, చివర ఒక దెబ్బ ముందుకో వెనక్కో జరుగుతుంది. వినేవారి తల అప్పటికే పాత లెక్కకు ఊగుతూ ఉంటుంది కాబట్టి, కాలి కింద మెట్టు ఒకటి తగ్గినట్లు అనిపిస్తుంది. ఈ చిన్న మోసం పదేపదే జరిగినా విసుగు పుట్టదు.

ఆరేళ్లలో ఐదు మజిలీలు

మొదటి ఆల్బమ్ ‘ఆర్.ఐ.పి.’ 1987లో వచ్చింది. వేగం, చీకటి, మధ్య మధ్య చిన్న చిన్న వాద్య ప్రవేశికలు దాని లక్షణాలు. 1988 నాటి ‘పనిష్‌మెంట్ ఫర్ డెకడెన్స్’లో అల్లిక బిగిసింది. ‘మాస్క్‌డ్ జాకల్’ పాటకు వీడియో కూడా తీశారు. 1989లో ‘నో మోర్ కలర్’ వచ్చింది. ఎనిమిది పాటలు, సుమారు 35 నిమిషాలు. ఇందులో తీసేయదగ్గ క్షణం ఒక్కటీ లేదు. సాంకేతిక థ్రాష్ అనే మాటకు ఒకే ఒక ఉదాహరణ చూపాలంటే ఈ ఆల్బమ్ చాలు.

ఏ బృందమైనా అక్కడ ఆగి అదే అచ్చులో మరో రెండు ఆల్బమ్‌లు పోసుకునేది. 1991 నాటి ‘మెంటల్ వోర్టెక్స్’లో కరోనర్ వేగాన్ని తగ్గించింది. రిఫ్‌ల మధ్య గాలి ఆడే చోటు వదిలింది, బీటిల్స్ పాట ఒకదాన్ని తనదైన బరువుతో వాయించింది. 1993 నాటి ‘గ్రిన్’ దాదాపు గంట సాగుతుంది. అందులో వేగం పూర్తిగా వెనక్కి వెళ్లింది. ఒకే దరువు మంత్రంలా తిరుగుతుంది, వింత శబ్దాలు పొగలా కమ్ముకుంటాయి, యంత్రాల మోతను తలపించే పునరావృతం ఉంటుంది. ‘పారలైజ్డ్, మెస్మరైజ్డ్’ పాట పేరే ఆ ఆల్బమ్ స్వభావాన్ని చెబుతుంది. మొదటి ఆల్బమ్ వెంటనే ఐదోది వింటే, రెండూ ఒకే ముగ్గురివని నమ్మడం కష్టం.

మరుగున పడటానికి అసలు కారణాలు

దురదృష్టం అనే మాటతో దీన్ని తేల్చేయడం సులువు. పోల్చి చూస్తే కారణాలు విడివిడిగా కనిపిస్తాయి.

మొదటిది కంపెనీ. థ్రాష్ నాయకులుగా పేరుపొందిన నాలుగు అమెరికన్ బృందాలు తొందరగానే పెద్ద సంస్థల చెంతకు చేరాయి. మెటాలికా 1984లో ఎలెక్ట్రాకు, ఆంథ్రాక్స్ 1985లో ఐలాండ్‌కు, స్లేయర్ 1986లో డెఫ్ జామ్‌కు, మెగాడెత్ అదే ఏడాది క్యాపిటల్‌కు వెళ్లాయి. పెద్ద సంస్థ అంటే స్టూడియో ఖర్చు ఒక్కటే కాదు. ప్రతి ఊళ్లో దుకాణంలో రికార్డు ఉండటం, రేడియోకు చేరటం, పెద్ద బృందాల ముందు వాయించే అవకాశం దక్కటం కూడా. కరోనర్ ఐదు ఆల్బమ్‌లూ బెర్లిన్‌లోని నాయిస్ అనే స్వతంత్ర సంస్థ నుంచి వచ్చాయి. ఐరోపా మెటల్‌కు నాయిస్ చేసిన మేలు చాలా పెద్దది. హెలోవీన్, క్రియేటర్, సెల్టిక్ ఫ్రాస్ట్ అన్నీ దాని గూటి పక్షులే. అయినా అమెరికా మార్కెట్లో దాని చేయి పొట్టి.

ఈ కారణం బరువు ఎంతో తెలియాలంటే కెనడా బృందం వోయివోడ్‌తో పోల్చాలి. 1987లో వోయివోడ్ కూడా నాయిస్‌లోనే ఉంది. అదీ వింత వరసల బృందమే, అదీ ఆల్బమ్ ఆల్బమ్‌కూ మారిందే. 1989 నాటికి అది ఎమ్‌సీఏ అనే పెద్ద సంస్థకు మారింది. పింక్ ఫ్లాయిడ్ పాట ఒకదాన్ని తిరిగి పాడి కొత్త శ్రోతలను సంపాదించింది. 1990లో ఫెయిత్ నో మోర్, సౌండ్‌గార్డెన్ లాంటి బృందాలతో కలిసి ఉత్తర అమెరికాలో తిరిగింది. వోయివోడ్ కూడా కోట్లకు పడగలెత్తలేదు. కానీ దాని పేరు చరిత్రలో నిలిచిపోయింది. ఇద్దరి సంగీతంలోని క్లిష్టత ఇంచుమించు ఒకటే కాబట్టి, పాటలు జనానికి ఎక్కలేదన్న వాదన నిలవదు.

రెండోది కాలం. ‘మెంటల్ వోర్టెక్స్’ వచ్చిన 1991లోనే మెటాలికా తన నల్ల అట్ట ఆల్బమ్‌తో థ్రాష్‌ను వదిలి జనబాహుళ్యంలోకి వెళ్లింది. అమెరికా బృందం నిర్వాణా ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ కూడా ఆ ఏడాదిదే. కంపెనీల డబ్బు, పత్రికల పుటలు నిర్వాణా లాంటి బృందాల గ్రంజ్ అనే రాక్ శైలి వైపు మళ్లాయి. థ్రాష్ అనే ముద్ర ఉన్న బృందాలన్నింటికీ ఒక్కసారిగా గాలి ఎదురు తిరిగింది.

అలాగని కాలాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం. 1993లో ‘గ్రిన్’ వచ్చిన ఏడాదే బ్రెజిల్ బృందం సెపల్చురా కూడా ‘కేయాస్ ఏ.డి.’లో వేగం తగ్గించి, దరువుకు ప్రాధాన్యం ఇచ్చింది. అది ఘన విజయం సాధించింది. సెపల్చురా తన మార్పుకు ఒక ముఖం చూపగలిగింది: బ్రెజిల్ డప్పులు, తన దేశపు హింస, నినాదంలా నోటికి పట్టే చరణాలు. కరోనర్ మార్పు లోపలికి సాగింది. గుంపుతో కలిసి అరవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ఒంటరిగా, రాత్రిపూట, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినే సంగీతం అది. అలాంటిదానికి శ్రోతలు ఒక్కొక్కరుగానే చేరతారు.

మూడో కారణం గురించి చెప్పుకునేవారు తక్కువ. సంగీత చరిత్రను జనం జాబితాలుగా గుర్తుపెట్టుకుంటారు. నాలుగు పెద్ద అమెరికన్ బృందాలు, ముగ్గురు జర్మన్లు, శాన్‌ఫ్రాన్సిస్కో బే ప్రాంతపు గుంపు అనే గదులు తయారయ్యాక, ఏ గదిలోనూ ఇమడని పేరు గుమ్మం బయటే ఉండిపోతుంది. 2010లో ఆ నలుగురు అమెరికన్లూ ఒకే వేదిక మీదికి వచ్చి కలిసి పర్యటించడంతో ఆ గది గోడలు మరింత గట్టిపడ్డాయి. స్విట్జర్లాండ్‌కు గది లేదు. స్విస్ మెటల్ అన్న మాట వచ్చినా మొదట తలచుకునేది సెల్టిక్ ఫ్రాస్ట్‌నే. కరోనర్‌ను దాని శిష్యబృందంగా చూడటం తొలి రోజుల నుంచీ ఉంది. రెండింటి సంగీతంలో పోలిక ఎంత తక్కువో విన్నవారికి నిమిషంలో తెలుస్తుంది.

తూర్పు బెర్లిన్‌లో ఒక సాయంత్రం

1990 మార్చి 4న తూర్పు బెర్లిన్‌లోని వెర్నర్ సీలెన్‌బిండర్ హాలులో క్రియేటర్, టాంకార్డ్, సబ్బాట్ అనే ఇంగ్లండ్ బృందం, కరోనర్ కలిసి వాయించాయి. బెర్లిన్ గోడ తెరుచుకుని అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. తూర్పు జర్మనీ అనే దేశం ఇంకా ఉంది, దాని తొలి స్వేచ్ఛాయుత ఎన్నికలకు ఇంకా రెండు వారాల గడువుంది. హాలు చరిత్ర కూడా మామూలుది కాదు. ఒకప్పుడు నగరపు పశువుల సంత, కబేళా ఉన్న ఆవరణలోని పాత కట్టడాన్ని 1950లో క్రీడా మందిరంగా మార్చి, నాజీలు చంపిన ఒక కుస్తీ వీరుడి పేరు పెట్టారు. పాలక పార్టీ మహాసభలు జరిగిన చోటు అది.

ఆ కార్యక్రమాన్ని చిత్రీకరించారు, అది వీడియోగా కూడా వచ్చింది. గోడ అవతల కాపీ చేసిన క్యాసెట్ల మీద, అరిగిపోయిన శబ్దంతో ఈ సంగీతాన్ని విన్న యువతకు, ఆ చేతులు తీగల మీద కదలడం కళ్లారా చూసే అవకాశం దొరికింది. ఎనభైలలో థ్రాష్ వ్యాపించింది అలా కాపీ చేసిన క్యాసెట్ల మీదే. ఒకరు టేపు పంపితే, దానికి బదులుగా మరొకరు ఇంకో టేపు పంపేవారు. కరోనర్ లాంటి బృందం రేడియో లేకుండానే దేశాలు దాటిందంటే ఆ పోస్టు కవర్ల పుణ్యమే. అదే పద్ధతికి ఒక లోటూ ఉంది. టేపు మీద అమ్మకాల లెక్క ఉండదు. ఎంతమంది విన్నారో కంపెనీకి తెలియదు, తెలియనిదాని మీద కంపెనీ ఖర్చు పెట్టదు.

రికార్డులు దొరకని ఏళ్లు

1995లో పాత పాటలకు కొన్ని కొత్తవి చేర్చి బృందం పేరుతోనే ఒక సంకలనం వచ్చింది. మరుసటి ఏడాదికి ముగ్గురూ విడిపోయారు. వెటర్లి కొన్నేళ్లు క్రియేటర్‌లో గిటార్ వాయించాడు. తర్వాత స్టూడియో నడుపుతూ ఎలువైటి లాంటి స్విస్ బృందాల రికార్డింగులు చేశాడు.

ఈలోగా నాయిస్ సంస్థ చేతులు మారింది. 2001లో సాంక్చువరీ దాన్ని కొన్నది. సాంక్చువరీ 2007లో యూనివర్సల్ కిందికి వెళ్లింది. 2013లో ఆ పాటల నిధి బీఎమ్‌జీకి చేరింది. పెద్ద సంస్థల మధ్య ఇలా బదిలీ అయ్యేటప్పుడు బాగా అమ్ముడయ్యే పేర్లనే ముందు పట్టించుకుంటారు, మిగతావి గోదాములో ఉండిపోతాయి. ఒక తరం శ్రోతలకు ఇవి సెకండ్‌హ్యాండ్ డిస్కులుగా, అదీ ఎక్కువ ధరకు మాత్రమే దొరికాయి. మొదటి మూడు ఆల్బమ్‌లు 2018లో మళ్లీ అచ్చయ్యాకే పరిస్థితి మారింది. వినడానికి దొరకని సంగీతానికి పేరు పెరగదన్నది చిన్న విషయంలా కనిపించినా, ఈ కథలో దాని వాటా చాలా ఎక్కువ.

తిరిగి రావడంతో మారినదేమిటి

2010లో ముగ్గురూ మళ్లీ కలుస్తున్నట్లు ప్రకటించి, మరుసటి ఏడాది నుంచి కచేరీలు మొదలుపెట్టారు. 2014లో మార్కీ తప్పుకున్నాడు, డియెగో రాపచియెట్టి డ్రమ్స్ అందుకున్నాడు. కొత్త ఆల్బమ్ కోసం అభిమానులు ఆ తర్వాత పదేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. పాత బృందాలు తిరిగి వచ్చినప్పుడు సాధారణంగా తొలినాళ్ల శబ్దాన్ని అనుకరిస్తాయి, అభిమానులు కోరేదీ అదే. ‘డిసొనెన్స్ థియరీ’లో ‘నో మోర్ కలర్’ నాటి పదును ఉంది, ‘గ్రిన్’ నాటి బరువూ ఉంది. మధ్యలోని 32 ఏళ్లలో మెటల్ ఎన్ని మలుపులు తిరిగినా, ఈ రెండింటి కలయిక పాతబడినట్లు అనిపించదు.

దీని ప్రభావం అమ్మకాల లెక్కల కంటే ‘గ్రిన్’ మీద మారుతున్న అభిప్రాయంలో బాగా కనిపిస్తుంది. 1993లో చాలామంది దాన్ని దారి తప్పిన ఆల్బమ్‌గా చూశారు. ఆ తర్వాత మెటల్‌లో ఒకే దరువును వంకర లెక్కలతో తిప్పి తిప్పి మత్తెక్కించే పద్ధతి స్థిరపడింది. 1995 నుంచి స్వీడన్ బృందం మెషుగా ఆ దారిలో చాలా దూరం నడిచింది. ఇద్దరి మధ్య నేరుగా ఇచ్చిపుచ్చుకోవడం ఉందని చెప్పనక్కర్లేదు. ఆ పద్ధతికి అలవాటుపడిన చెవులకు ‘గ్రిన్’ ఇప్పుడు వింతగా అనిపించదు, అంతే. ఆల్బమ్ మారలేదు, వినే చెవి మారింది.

ఎక్కడ మొదలుపెట్టాలి

విడుదలైన వరసలో వినడం కరోనర్ విషయంలో మంచి పద్ధతి కాదు. మొదటి ఆల్బమ్ శబ్దం కాస్త పచ్చిగా ఉంటుంది, అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. ‘నో మోర్ కలర్’లోని ‘డై బై మై హ్యాండ్’తో మొదలుపెట్టి, మొదటిసారి గిటార్‌ను వదిలేసి బేస్ మీద మాత్రమే చెవి పెట్టాలి. రెండోసారి అదే పాటను డ్రమ్స్ కోసం వినాలి. మూడోసారికి ముగ్గురూ ఎక్కడ కలుస్తున్నారో దొరుకుతుంది. అక్కడి నుంచి ‘మెంటల్ వోర్టెక్స్’లోని ‘సెమ్‌టెక్స్ రివల్యూషన్’కు, ఆ తర్వాత ‘గ్రిన్’లోని ‘సర్పెంట్ మూవ్స్’కు వెళ్తే మార్పు మెట్టు మెట్టుగా తెలుస్తుంది. ‘ఆర్.ఐ.పి.’ని చివరికి అట్టిపెట్టుకోవడం మేలు. అప్పటికి ఆ ముగ్గురి చేతి వాటం తెలిసిపోయి ఉంటుంది కాబట్టి, 1987 నాటి ఆ పచ్చి శబ్దం లోపల తర్వాతి నాలుగు ఆల్బమ్‌ల మొలకలు ఎక్కడెక్కడ ఉన్నాయో వినిపిస్తాయి.